రాజ్యసంబంధముల చదువు: మన కొండదారుల పాఠములు

చిత్తూరు జిల్లా నైరుతి కొసన, కుప్పము సీమలో, రామకుప్పమను ఊరు కలదు. అచ్చటినుండి పడమరగా సాగినచో కొలదిదూరములోనే కర్ణాటకమునకు చెందిన కోలారు సీమ వచ్చును. దక్షిణముగా సాగినచో తమిళనాటి వాణియంబాడి, కృష్ణగిరి సీమలు తగులును. ఇంటిలో తెలుగును, సంతలో తమిళ కన్నడములును వినబడు తావు ఇది. ఇట్టి ఊళ్లలో నేడు ఎందరో యువతీయువకులు ప్రభుత్వోద్యోగములకై పోటీపరీక్షలకు చదువుచున్నారు. చరిత్ర, భూగోళము, రాజ్యాంగము వారికి బడినాటినుండి కొంత పరిచితములు. "అంతర్జాతీయ సంబంధములు" అను భాగమునకు వచ్చునప్పటికి మాత్రము పలువురు జంకుదురు. అది ఢిల్లీ, జెనీవా, న్యూయార్కు నగరములలో పుట్టిపెరిగిన విద్య యనియు, కొండలనడుమ తెలుగు బడిలో చదువుకొన్నవారికి అందునది కాదనియు వారి భయము.

ఆ భయమువలన కలుగు నష్టము చిన్నది కాదు. అర్థము కాదనుకొన్నదానిని మనుష్యుడు కంఠస్థము చేయును. సమావేశములు జరిగిన నగరములు, సంధుల సంవత్సరములు, కూటములలోని సభ్యదేశముల సంఖ్యలు పుస్తకమునిండ వ్రాసికొని వల్లించుచుందురు. పరీక్షలో "ఎప్పుడు" అని కాక "ఎందుకు" అని ప్రశ్న వచ్చును. రెండుమూడేండ్ల శ్రమయు, తలిదండ్రులు కడుపు కట్టుకొని పంపిన సొమ్మును ఆ ఒక్క మాటయొద్ద తడబడును.

ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఒక్కటే. 1767 మొదలు 1800 వరకు, ముప్పదిమూడేండ్లపాటు, ప్రపంచ రాజకీయము మన కొండదారులగుండనే నడచినది. మైసూరు, హైదరాబాదు, పూనా, ఆర్కాటు, మద్రాసు, పుదుచ్చేరి దర్బారులును, వానివెనుక లండను పారిసు నగరములును, ఈ సీమను, దీని ఇరుగుపొరుగులను గూర్చి పావులు కదపినవి. ఆ చరిత్రను శ్రద్ధగా చదివినవారికి నేటి సంధులు, కూటములు, యుద్ధములు పరాయివిగా తోచవు.

మొదట నేలను చూడవలెను. పడమట మైసూరు పీఠభూమి, తూర్పున ఆర్కాటు మైదానము. రెంటినడుమ తూర్పు కనుమలు గోడవలె నిలిచియున్నవి. పైనుండి దిగుటకును, క్రిందినుండి ఎక్కుటకును కొన్ని దారులే కలవు. చిత్తూరునకును పలమనేరునకును నడుమ మొగిలి కనుమ, ఆంబూరు వైపు మరికొన్ని దారులు, ఇంకను దక్షిణమున చెంగము కనుమ, ఇవి అందు ముఖ్యములు. దారి ఎవరి చేతనుండునో వారి సైన్యమునకు బియ్యము, ఎడ్లు, ఫిరంగులు అందును. దారి పోయినవాడు ఎంత బలవంతుడైనను ఆకలితో వెనుదిరుగవలసినదే. నేడు హోర్ముజు జలసంధి, మలక్కా జలసంధి, సూయెజు కాలువలనుగూర్చి పత్రికలు వ్రాయుచున్నవి గదా. అచ్చట ఓడలలో నూనె పోవుచున్నది, ఇచ్చట ఎడ్లపై ధాన్యము పోయెను. సూత్రము రెండుచోట్లను ఒక్కటే.

ఈ దారుల ప్రక్కన చిన్నదొరలు ఉండిరి. కుప్పము సీమలో కంగుంది పాలెగాండ్రు అట్టివారు. ఇరువైపుల పెద్దరాజ్యములున్న చిన్నవాని బ్రదుకు ఎల్లకాలమును ఒక్కతీరుననే యుండును. ఎవరు బలవంతులో వారికి కప్పము కట్టుట, రేపు ఎవరు వత్తురో అని దారి చూచుట అతని రాజనీతి. పరీక్షా గ్రంథములలో మధ్యస్థరాజ్యములని చెప్పబడు చిన్నదేశముల అవస్థ ఇదియే.

పారిభాషిక పదములకై కూడ మనము దూరము పోనక్కరలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రపు తాటాకు ప్రతి 1905 ప్రాంతమున మైసూరు ప్రాచ్యగ్రంథాలయములో ఆర్. శామశాస్త్రిగారి కంటబడెను. 1909లో ఆయన దానిని అచ్చువేయించిరి. అందు రాజులు నడుపు నీతి ఆరు గుణములుగా చెప్పబడినది. ఒప్పందము చేసికొనుట సంధి, పోరుట విగ్రహము, దండెత్తుట యానము, కదలక కాచుకొనుట ఆసనము, బలవంతుని ఆశ్రయించుట సంశ్రయము, ఒకనితో సంధియు మరియొకనితో విగ్రహమును నడుపుట ద్వైధీభావము. ఈ ఆరింటిని మనస్సునందుంచుకొని మైసూరు యుద్ధముల కథ వినుడు.

1766లో ఈస్టిండియా కంపెనీ హైదరాబాదు నిజాముతో సంధి చేసికొని ఉత్తర సర్కారులను పొందెను. అందుకు బదులుగా అవసరమైనప్పుడు సైన్యముతో తోడ్పడుటకు అంగీకరించెను. ఈ మాటయే కంపెనీని హైదరలీతో యుద్ధమునకు లాగినది. 1767లో నిజామును కంపెనీయు కలిసి మైసూరుపై నడచిరి. మహారాష్ట్రులు అంతకుముందే వచ్చి, హైదరునుండి ధనము గైకొని మరలిపోయిరి. నిజాము కొన్ని నెలలలోనే పక్షము మార్చి హైదరుతో చేరెను. ఇరువురును కలిసి చెంగము, తిరువణ్ణామలైల యొద్ద కంపెనీతో పోరిరి. గెలుపు దక్కకపోగా నిజాము మరల కంపెనీవైపు తిరిగి 1768 ఫిబ్రవరిలో సంధి చేసికొనెను. ఒక్క యేడాదిలో ఒక్క రాజు మూడు పక్షములు నిలిచినాడు.

నిజాము చపలుడని తీర్పు చెప్పుట సులభము. అంతటితో ఆగినచో మనము చరిత్రను చదువలేదన్నమాట. నిజామునకు మూడువైపుల మూడు బలములు కలవు. పడమట మహారాష్ట్రులు, దక్షిణమున మైసూరు, సముద్రతీరమున కంపెనీ. అందు ఏ యొక్కటి మిక్కిలి పెరిగినను అతనికి ముప్పు. కావున ఏది పెరుగుచున్నట్లు తోచిన దానికి ఎదురుగా తూగెను. బలముల తూకమను సిద్ధాంతము ఇదియే. నేడు రెండు మహారాజ్యములనడుమ ఊగిసలాడు దేశమును చూచి నవ్వుటకు ముందు ఆ దేశపు పటమును, దాని పొరుగువారిని చూడవలెను.

నిజాము పోయినను హైదరు ఒంటరిగా పోరెను. 1767 చివర ఆంబూరు కోటను ముట్టడించియు పట్టలేకపోయెను. 1768 అక్టోబరులో ముళబాగలు యొద్ద గట్టి పోరు జరిగెను. ముళబాగలు కోలారు సీమలోనిది, కుప్పమువారికి ఇరుగుపొరుగు. 1769 వేసవిలో హైదరు మెరుపువలె మద్రాసు వాకిటికి వచ్చి నిలిచి, సంధికి కంపెనీని ఒప్పించెను. పట్టుకొన్న ప్రదేశములు ఎవరివి వారికి; ఒకరిపై పరులు దండెత్తినచో రెండవవారు తోడ్పడవలెను. ఈ రెండవ నిబంధనయే ముఖ్యము. అనంతరము మహారాష్ట్రులు మైసూరుపై దండెత్తగా హైదరు సాయము కోరెను. కంపెనీ కదలలేదు. హైదరు ఆ మాటతప్పుటను బ్రదికినంతకాలము మరువలేదు. పదకొండేండ్ల పిమ్మట జరిగిన మహాయుద్ధమునకు ఇది ఒక విత్తనము.

పరస్పర రక్షణ ఒడంబడికలు నేడును కలవు. 1949లో ఏర్పడిన నాటో కూటమి నిబంధనలలో ఐదవది అట్టిది. ఒకరిపై దాడి అందరిపై దాడిగా ఎంచవలెనని దాని భావము. అది ఆచరణకు వచ్చినది ఒక్కసారియే, 2001 సెప్టెంబరులో అమెరికాపై జరిగిన దాడుల పిమ్మట. 1971 ఆగస్టు 9న మన దేశమును సోవియట్ యూనియనును చేసికొన్న సంధిలో తొమ్మిదవ నిబంధన, ముప్పు కలిగినప్పుడు ఇరువురు వెంటనే సంప్రదించుకొని తగిన చర్యలు గైకొనవలెనని చెప్పినది. సైన్యము పంపుదుమని చెప్పలేదు. ఈ రెంటి తారతమ్యము తెలిసినవాడు సంధిని చదివినవాడు. సంవత్సరము మాత్రము తెలిసినవాడు కాడు. 1769 నాటి హైదరు అనుభవము తెలిసినవానికి, వ్రాసిన మాటకును నెరవేరిన మాటకును నడుమగల దూరము ఎంతటిదో కూడ తెలియును.

ఇక రెండవ యుద్ధము. దీని మూలము అమెరికా ఖండములో కలదన్నచో ఆశ్చర్యము కలుగవచ్చును. 1776లో అమెరికాలోని పదమూడు వలసలు ఇంగ్లండునుండి విడివడినట్లు ప్రకటించుకొనెను. 1778 ఫిబ్రవరిలో ఫ్రాన్సు ఆ వలసలతో మైత్రి చేసికొనెను. అంతట ఇంగ్లండునకును ఫ్రాన్సునకును ప్రపంచమంతట యుద్ధము. ఆ యేటనే ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టిరి. 1779 మార్చిలో మలబారు తీరమునందలి మాహేను పట్టిరి. మాహే రేవుద్వారా హైదరునకు ఆయుధములు వచ్చుచుండెను. ఆ రేవు తన రక్షణలో కలదని అతడు ముందే హెచ్చరించియుండెను. అతని హెచ్చరిక గాలికి పోయినది. 1780 జూలైలో హైదరు చెంగము కనుమగుండ ఆర్కాటు మైదానముపైకి దిగెను. సెప్టెంబరు 10న పొళ్లిలూరు యొద్ద కంపెనీ సైన్యమొకటి నాశనమయ్యెను. 1781 సెప్టెంబరులో షోలింగరు యొద్ద మరల పోరు జరిగెను. మన సీమ రైతులకు అమెరికా అను మాట వినబడియుండదు. అయినను అచ్చటి వలసల తగవు సముద్రములు దాటి వారి పొలములలోనికి వచ్చి చేరెను.

యుద్ధము ముగిసిన తీరు ఇంకను గుణపాఠము. 1782 డిసెంబరులో హైదరలీ చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేట యొద్ద దండులో మరణించెను. కుమారుడు టిప్పు అప్పుడు మలబారువైపు ఉండెను. అతడు వచ్చువరకు మరణవార్తను మంత్రులు దాచిరి. శరీరమును ఒక పెట్టెలో పరిమళద్రవ్యములనడుమ ఉంచి, దోపిడి సొమ్ము పోవుచున్నదన్నట్లు కావలివారితో కోలారునకు పంపిరి. సింహాసనము చేతులు మారు వేళ రాజ్యము ఎంత బలహీనమో ఆ మంత్రులెరుగుదురు. పొరుగువారికి తెలిసినచో సంధులు సడలును, సైన్యము చెదరును. నేటికిని పెద్దరాజ్యములలో నాయకుని ఆరోగ్యము రాజ్యరహస్యమగుటకు కారణము ఇదియే.

1783లో ఫ్రెంచి సేనాని బుస్సీ కడలూరులో ఉండెను. ఇంగ్లండు, ఫ్రాన్సులకు యూరపులో సంధి కుదిరినదను వార్త ఆ వేసవిలో ఇచ్చటికి చేరెను. వెంటనే ఫ్రెంచివారు కత్తి దించిరి. అప్పుడు మంగళూరు కోటను ముట్టడించుచున్న టిప్పునకు మిత్రుడు లేకుండబోయెను. యూరపులో వారు సంతకము చేయునప్పుడు టిప్పును అడిగినవారు లేరు. 1784 మార్చి 11న మంగళూరు సంధి జరిగినది. పెద్దవాని యుద్ధములో భాగస్వామియైన చిన్నవాడు, పెద్దవాని సంధిలో భాగస్వామి కాకపోవచ్చును. ఈ వాక్యమును పుస్తకములో వ్రాసికొనదగునని మా అభిప్రాయము. ఇటీవలి యుద్ధములలో చిన్నదేశములు చర్చలబల్ల యొద్ద తమకు పీట వేయుమని ఎందుకు పట్టుపట్టుచున్నవో దీనివలన తెలియును.

మూడవ యుద్ధమున కాగితపు మాటల శక్తి కనబడును. 1784లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టము కంపెనీ ఆక్రమణ యుద్ధములు చేయరాదని ఆంక్షించెను. 1786లో గవర్నరు జనరలుగా వచ్చిన కారన్‌వాలిసు, 1781లో అమెరికాలో యార్కుటౌను యొద్ద లొంగిపోయిన సేనానియే. ఇతడు నిజాముతో కొత్త సంధి చేసికొనుటకు చట్టము అడ్డము. కావున 1789లో నిజామునకు ఒక లేఖ వ్రాసెను. నిజాము కోరినప్పుడు కంపెనీ దళములు వచ్చును గాని, కంపెనీ మిత్రులపై వానిని ప్రయోగింపరాదని అందు చెప్పి, ఆ మిత్రుల పేర్లు వరుసగా వ్రాసెను. ఆ వరుసలో టిప్పు పేరు లేదు. చెప్పిన పేర్లకంటె చెప్పని పేరే ఎక్కువ పలికినది. ఆ లేఖ సంధివలెనే చెల్లునని కూడ ప్రకటించిరి. సంయుక్త ప్రకటనలు చదువునప్పుడు ఏ మాట చేరినదో, ఏ మాట తొలగినదో చూడవలెనని నిపుణులు చెప్పుట ఇందుకే.

1789 డిసెంబరులో టిప్పు తిరువాన్కూరు సరిహద్దుగోడపై దాడి చేసెను. 1790లో కంపెనీ, పూనా, నిజాము మువ్వురును కూటమి కట్టిరి. ఫ్రాన్సులో అప్పటికే విప్లవము రేగినందున టిప్పునకు అచ్చటినుండి సాయము రాలేదు. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిసు వేలూరు చేరి, ఆంబూరు దారులలో ఎక్కునట్లు నటించెను. టిప్పు అటు కాచియుండగా అతడు ఉత్తరమునకు తిరిగి, చిత్తూరుమీదుగా మొగిలి కనుమ ఎక్కి, పలమనేరు దారిని పీఠభూమికి చేరెను. ముళబాగలు, కోలారుమీదుగా సాగి మార్చి 21న బెంగుళూరు కోటను పట్టెను. నేడు చిత్తూరునుండి బెంగుళూరునకు బస్సులు పోవు దారి ఇంచుమించు అదియే. ఆ దారిలో ప్రయాణించు విద్యార్థి కిటికీలోనుండి ఒక పాఠ్యభాగమును చూచుచున్నాడు.

1792 మార్చిలో శ్రీరంగపట్టణము సంధి జరిగినది. టిప్పు సగము రాజ్యమును, 3 కోట్ల 30 లక్షల రూపాయలను ఇచ్చుకొనవలసి వచ్చెను. సొమ్ము తీరువరకు ఇద్దరు కుమారులను తాకట్టుగా పంపెను. వారు 1794లో గాని తండ్రిని చేరలేదు. కంపెనీకి మలబారు, దిండిగల్లులతోపాటు బారామహలు దక్కెను. బారామహలనగా కృష్ణగిరి, తిరుపత్తూరుల చుట్టుప్రక్కల సీమ, కుప్పము కొండలకు ఆనుకొనియున్నది. ఆ సీమకు అలెగ్జాండరు రీడు అధికారియయ్యెను, అతని సహాయకులలో థామస్ మన్రో ఒకడు. పన్నును మధ్యవర్తులు లేక రైతుతోనే నేరుగా కుదుర్చుకొను పద్ధతి వారి చేతులలో అచ్చటనే రూపుకట్టెను. సంధిపత్రములోని ఒక గీత రైతు పట్టాలోని గీతగా మారినది. రాజ్యసంబంధములు రాజులకు మాత్రమే సంబంధించినవి కావనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

తరువాతి కథ త్వరగా నడచినది. 1795లో ఖర్దా యొద్ద మహారాష్ట్రులు నిజామును ఓడింపగా కంపెనీ తోడు రాలేదు. నిజాము ఆగ్రహించి, ఫ్రెంచి సేనాని రేమండు తర్ఫీదు చేసిన దళములను పెంచుకొనెను. హైదరాబాదులో నేటికిని రేమండు సమాధి కలదు. 1798లో నెపోలియను ఈజిప్టులో దిగెను. అదే యేట టిప్పు సాయము కోరినట్లు మారిషసులోని ఫ్రెంచి గవర్నరు బహిరంగముగా ప్రకటించి, రహస్యముగా ఉంచదగినదానిని లోకమునకు చాటెను. సాయము రాకముందే శత్రువులకు నెపము దొరకినది. కంపెనీ 1798 సెప్టెంబరులో నిజాముతో సైన్యసహకార సంధి చేసికొని, ఫ్రెంచి దళములను రద్దు చేయించెను. 1799 మే 4న టిప్పు శ్రీరంగపట్టణములో పోరుచు మరణించెను. మైసూరు పంపకములో మదనపల్లె ప్రక్కనున్న గుర్రంకొండ సీమ నిజామునకు వచ్చెను. ఆ మరుసటి సంవత్సరమే, 1800 అక్టోబరులో, తనను కాచు కంపెనీ సైన్యపు ఖర్చుకై నిజాము దానిని, కడప, బళ్లారి సీమలతోపాటు, కంపెనీకే ధారపోసెను. దత్తమండలములను మాట అప్పుడు పుట్టినది. 1801లో ఆర్కాటు నవాబు సీమయు కంపెనీ పాలయ్యెను.

కౌటిల్యుని మాటలలో చెప్పినచో నిజాము 1767లో ద్వైధీభావమును నడపి, 1798లో సంశ్రయమునకు దిగెను. సంశ్రయమునకు వెల కలదు. పరుల సైన్యము నీ యింట కాపున్నచో దాని బత్తెము నీదే, దాని యజమాని నీవు కాడు. విదేశ సైనిక స్థావరములను, రక్షణసాయమును, అప్పులను గూర్చి నేడు జరుగు చర్చలలో ఈ వెల ఎంతయను ప్రశ్నయే అడుగున కలదు.

ఇంతవరకు చెప్పిన కథనుండి చదువరికి ఐదు ప్రశ్నలు దొరకును. ఏ అంతర్జాతీయ వార్తనైనను ఈ ఐదింటితో పరీక్షింపవచ్చును. మొదటిది, ఆ చోటు పటములో ఎచ్చట కలదు, దానిగుండ ఏ దారి పోవుచున్నది? ఇది మొగిలి కనుమ నేర్పినది. రెండవది, ఒక్కొక్క పక్షమునకు నిజమైన భయమేమి? ఇది నిజాము నేర్పినది. మూడవది, కనబడని మూడవవాడెవడు? ఇది అమెరికా తగవు నేర్పినది. నాలుగవది, కాగితములో వ్రాసినదేమి, విడిచినదేమి? ఇది కారన్‌వాలిసు లేఖ నేర్పినది. ఐదవది, చివరకు ఎవరు చెల్లించిరి? ఇది పన్ను కట్టిన రైతును, తాకట్టు పోయిన బాలురను చూచి నేర్చుకొనవలసినది.

ఈ ప్రశ్నలకు మన యింటియొద్దనే సజీవమైన ఉదాహరణ యొకటి కలదు. పాలారు నది కర్ణాటకములో పుట్టి, కుప్పము సీమగుండ కొంతదూరము పారి, తమిళనాటిలో ప్రవేశించి బంగాళాఖాతమున కలియును. 1892లో మద్రాసు ప్రభుత్వమును మైసూరు సంస్థానమును చేసికొన్న నదీజలముల ఒడంబడికలో పాలారు కూడ చేరినది. పైనున్నవాడు కట్ట కట్టినచో క్రిందివానికి నీరు తగ్గునను భయమునకు అది సమాధానముగా పుట్టినది. కుప్పము సమీపమున ఆనకట్ట కట్టవలెనని ఆంధ్రప్రదేశము తలపెట్టగా తమిళనాడు 2006లో సుప్రీంకోర్టునకు పోయెను. వాననీరు తమ కొండలలో నిలువదని కుప్పము రైతు అనును. ఇసుక దిబ్బయైన ఏటిని చూపి వేలూరు రైతు కంటతడిపెట్టును. ఇరువురి మాటయు నిజమే. ఈ నిజమును గ్రహించిన విద్యార్థి సింధునదీ జలముల ఒడంబడికను చేతబట్టినచో అది అతనికి కొత్త కాదు. 1960 సెప్టెంబరు 19న ప్రపంచబ్యాంకు మధ్యవర్తిత్వమున మన దేశమును పాకిస్తానును చేసికొన్న ఆ సంధి, రావి, బియాసు, సట్లెజులను మనకును, సింధు, జీలము, చీనాబులను ప్రధానముగా పాకిస్తానునకును కేటాయించెను. యుద్ధములు వచ్చినను నిలిచిన ఆ ఒడంబడికను 2025 ఏప్రిల్‌లో, పహల్గాము దాడి పిమ్మట, మన ప్రభుత్వము నిలుపుదల చేసెను. ఒక్కటి మాత్రము మరువరాదు. రాష్ట్రములనడుమ తగవు వచ్చినచో పైన సుప్రీంకోర్టు కలదు. దేశములనడుమ అట్టి పైవాడు లేడు. ఈ భేదమునుండియే అంతర్జాతీయ సంబంధములను విద్య పుట్టినది.

సామ్యములు చూపునప్పుడు మితము పాటింపవలెనని కూడ చెప్పుదుము. పదునెనిమిదవ శతాబ్దపు పాలెగాడు నేటి స్వతంత్రరాజ్యము కాడు. కంపెనీ వర్తకసంఘమే గాని దేశము కాదు. నేడు ఐక్యరాజ్యసమితి కలదు, అణ్వాయుధములు కలవు, ప్రజాభిప్రాయము కలదు. పాతకథ కొత్తప్రశ్నకు దారి చూపును గాని జవాబు వ్రాసియీయదు.

ఈ చదువు పరీక్షలోనికి వచ్చిన తీరును క్లుప్తముగా చెప్పి ముగింతుము. సివిల్ సర్వీసునకు పోటీపరీక్ష 1855లో లండనులో మొదలయ్యెను. మన దేశములోను జరుపుట 1922 నుండియే. 1926లో పబ్లిక్ సర్వీస్ కమిషను ఏర్పడెను. 1946 అక్టోబరులో విదేశాంగ సర్వీసు ఏర్పాటునకు నిర్ణయము జరిగెను. 1979నుండి కొఠారి సంఘపు సిఫారసులపై, ప్రధాన పరీక్షను తెలుగుతోసహా రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలలో వ్రాయుటకు వీలు కలిగెను. 2013లో సామాన్యజ్ఞాన పత్రములు నాలుగైనప్పుడు, రెండవదానిలో పొరుగుదేశములతో సంబంధములు, ప్రాంతీయ కూటములు, అంతర్జాతీయ సంస్థలు చేరినవి. లండనుకు ఓడ ఎక్కగలిగినవారికే తెరచియున్న తలుపు రామకుప్పములో తెలుగున చదువుకొన్నవారికి తెరచుకొనుటకు నూటయిరువది నాలుగేండ్లు పట్టినది. అంతకాలమునకు తెరచుకొన్న తలుపు ముందు, మనకిది రాదని వెనుదిరుగుట తగదు.

రేడియో ఉన్న ఇంటివారికి మా విన్నపము చిన్నది. గోడకు ప్రపంచపటమొకటి, చిత్తూరు జిల్లా పటమొకటి ప్రక్కప్రక్కన వ్రేలాడదీయుడు. రాత్రి వార్తలు వచ్చునప్పుడు పిల్లలు చెప్పిన దేశమును వ్రేలితో చూపవలెను. పెద్దలు పై ఐదు ప్రశ్నలలో ఒక్కటి అడుగవలెను. జవాబు తెలియనిచో మరునాడు వెదకవచ్చును. పరీక్ష నెగ్గినవాడు రేపు ఒక సరిహద్దు ఫైలుపై సంతకము చేయవచ్చును, ఒక చర్చలబల్ల యొద్ద కూర్చుండవచ్చును. అప్పుడు అతనికి ఈ కొండదారులును, మొగిలి కనుమ క్రింది పొలములును, ఆ పొలముల రైతులును జ్ఞప్తికి వచ్చినచో ఈ చదువు ఫలించినట్లే.